జనరల్ టెస్ట్ ఎవరిది?

2023 జనవరిలో నన్ను చర్ల నుంచి ఏన్కూరు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలకు బదిలీ చేశారు. నేను ఎకనామిక్స్ జూనియర్ లెక్చరర్‌ని. హోదాకు ప్రిన్సిపాల్ తర్వాతి మెట్టు; పని విషయానికొస్తే, ప్యూన్ సెలవు పెట్టిన రోజు గంట కొట్టేది కూడా మేమే. చేరిన కొద్ది రోజులకే ప్రిన్సిపాల్ గారు నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పిల్లలతో దరఖాస్తు చేయించాలి.

ఈ పరీక్షలో పేపర్లను విద్యార్థే ఎంచుకోవాలి. ఒక భాష, చదివిన గ్రూపు సబ్జెక్టులు, అవసరమైతే జనరల్ టెస్ట్. ఏ కోర్సు ఏ పేపర్లు అడుగుతుందో ముందే చూసుకోవాలి. ఒక్కటి తప్పిందా, మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చినా ఆ సీటుకు పనికిరావు. మా హెచ్.ఈ.సి. పిల్లలకు మొదటి చిక్కు సివిక్స్‌తో వచ్చింది. ఆ పరీక్షలో సివిక్స్ అనే పేరే ఉండదు. దాన్ని పొలిటికల్ సైన్స్ అంటారు. అది విడమర్చి చెప్పి, గండం గడిచిందని సంబరపడ్డాను.

మౌనిక తండా పిల్ల. డిమాండ్ రేఖ గీయమంటే మిర్చి రేటుతో గీసి చూపించే రకం. హైదరాబాదులో ఐదేళ్ల ఎకనామిక్స్ కోర్సు మీద మనసు పడింది. వాళ్ల నాయన లక్ష్మణ్ ఆ ఒక్క సీటు కోసమే హాస్టల్‌కు పంపడానికి ఒప్పుకున్నాడు. అది రాకపోతే ఇంటి దగ్గరి డిగ్రీయే గతి. ఆ కోర్సు జనరల్ టెస్ట్ తప్పనిసరి అంటుంది.

దరఖాస్తుల గడువు ముగిశాక, తప్పులు దిద్దుకోవడానికి సైటును కొద్ది రోజులు మళ్లీ తెరుస్తారు. దాన్ని కరెక్షన్ విండో అంటారు. అది మూసేసే రోజు ఉదయం నేను క్లాసులో జనరల్ టెస్ట్ నమూనా పేపరు పంచాను. అందులో కాస్త లెక్కలు, కాస్త లోకజ్ఞానం, కాస్త తర్కం ఉంటాయి. మౌనిక తన కాపీని పక్క బెంచీలోని శ్రీకాంత్‌కు ఇచ్చేసి హాయిగా కూర్చుంది. ఏమిటమ్మా అన్నాను.

"అది నాది కాదు గద మేడం. జనరలోళ్లది. మేం ఎస్టీ."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నాకు భయం వేసింది అందుకే. అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. శ్రీకాంత్ పెనుబల్లి వైపు రైతుల బిడ్డ. "మేం జనరలే గదా మేడం, తప్పదనుకొని పెట్టిన," అన్నాడు దిగాలుగా. వాడు కోరుకున్న కోర్సుకు ఆ పేపరు అక్కర్లేనే లేదు! రిజర్వేషన్ల లెక్కలో జనరల్ అన్న మాటను చిన్నప్పటి నుంచి వింటున్న పిల్లలు పరీక్ష పేరులో ఇంకో అర్థం ఎందుకు వెతుకుతారు? నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మౌనికను కంప్యూటర్ గదికి లాక్కెళ్లాను. పేపరు చేర్చాక సైటు ఓటీపీ పంపింది. అది లక్ష్మణ్ ఫోనుకు వెళ్లింది. ఆయన ఖమ్మం మిర్చి యార్డులో ఉన్నాడు. మౌనిక ఫోను చేసి నంబరు అడిగింది.

"వచ్చింది గని చెప్ప. ఎవ్వలకు చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు."

"నేనే నాయనా, మౌనికను!"

"గొంతు మార్చి గూడ మాట్లాడ్తరంట."

ఫోను నేను అందుకున్నాను. మేడమ్‌ని అని చెబితే, మేడమేనని ఎట్లా నమ్మాలన్నాడు. అవతల ఓటీపీ గడువు కరిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది. మిర్చి కోతలకని పిల్లను కాలేజీ మాన్పించినందుకు ఒకసారి ఆయన్ను పిలిపించి చివాట్లు పెట్టాను. అవే చివాట్లు, ఇంకో రెండు కలిపి, మళ్లీ వడ్డించాను.

"అవ్, మేడమే," అని పక్కన ఎవరితోనో చెప్పి ఆయన అంకెలు చదవడం మొదలుపెట్టాడు. వేలం గోలలో ఒకటికి రెండుసార్లు అరిపించుకుని కొట్టాం. జనరల్ టెస్ట్ చేరింది. మౌనిక నన్ను గట్టిగా కావలించుకుంది, కాలేజీ మర్యాదలు నాకూ గుర్తు రాలేదు. సాయంత్రంలోగా మిగతా తండా పిల్లలవీ సరిచేశాం. లక్ష్మణ్ నేర్పిన అనుభవంతో ప్రతి తండ్రికీ ఫోనులో ముందు చివాట్లు, ఆ తర్వాతే నమస్కారం. శ్రీకాంత్ మాత్రం తన పేపరు తీయించుకోలేదు. ఎలాగూ పెట్టాను కాబట్టి రాస్తానన్నాడు.

ఆ వానాకాలంలో మౌనికకు సీటు వచ్చింది. "మేడం, అన్నిట్ల కంటే ఎక్కువ మార్కులు జనరల్ టెస్టులనే వచ్చినయ్. మాది కాని దాంట్లనే!" అని ఫోనులో పకపకా నవ్వింది. నా సర్వీసులో అంత సంతోషపెట్టిన ఫోను ఇంకొకటి లేదు.

నేను ఆ మరుసటి ఏడాది రిటైరయ్యాను. ఎవరైనా ఒక పేపరు వదిలేస్తే కష్టమనిపించి వదిలేశారని మేము అనుకునేవాళ్లం. తమది కాదనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారని ఆ ఏడు తెలిసింది. అందుకే చివరి బ్యాచ్‌కు సబ్జెక్టుల ఎంపిక గురించి చెప్పినప్పుడు సిలబస్‌తో మొదలుపెట్టలేదు. బోర్డు మీద జనరల్ టెస్ట్ అని రాసి, పక్కన 'అందరిదీ' అని రాశాను.