మా ఊరి నాలుగో గద్దె

నాలుగు దిక్కుల అమ్మవార్లకూ నా చేత్తోనే నీళ్ళు పోయిస్తానని మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, మాట ఇచ్చాడు. అమ్మవారి రాయి నిలిపిన మూడు గద్దెల దగ్గరే పోయించాడు.

నిన్న ఈ ఎడారి దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, మా అమ్మాయి వాళ్ళ పక్కింటి వియత్నాం ఆవిడ ఫోటోలు చూపించింది. వాళ్ళ హనోయికి నాలుగు దిక్కులా నాలుగు కాపలా గుళ్ళు. నేను చదివినవే. పడమటి గుడి ముందు రాతి ఏనుగులు మోకరిల్లి ఉన్నాయి.

"బాపూ, మనూళ్లె గిసొంటియి ఉండెనా?" అంది అమ్మాయి.

"ఉండుడేంది బిడ్డా, మన ఊరికి గవే కోటగోడ."

ఊళ్ళోకి కీడు రాకుండా ఊరు కట్టే రోజు గుర్తుందా, మిత్రులారా? పసుపునీళ్ళ చెంబుతో పొద్దుగూకేలోగా నాలుగు గద్దెలూ తిరిగితేనే ఊరికి కట్టు పడ్డట్టు. చేతులకు పసుపు, వేపాకు వాసన రెండు రోజులుండేది. పెద్దబాపు నాకు మాట ఇచ్చిన ఏడు పడమటికి వెళ్తే గద్దె లేదు, ఆయన చేను చాళ్ళున్నాయి.

"ఆడ ఏమున్నదిరా, ఒక రాయి. ఇంటికి నడువు" అన్నాడాయన.

నేను కదల్లేదు. మిగిలిన నీళ్ళు ఆ చాళ్ళలోనే పోశాను. ఎనిమిదేళ్ళ వయసులో మా ఊరి కట్టు పూర్తి చేసింది నేనే.

పక్కింటావిడకు మా గద్దెల ఫోటోలు మూడు చూపించాను. నాలుగోది ఏదని అడిగింది. దాన్ని దున్నేసినవాడి పేరు చెప్పాను. మా పెద్దబాపు, రాజలింగం.