నలగని నిమ్మకాయ

ఈ పొద్దున కూరగాయల సంచి ఇంకా గుమ్మంలో దించలేదు, షెడ్డులోంచి మా ఆయన కేక: "నిమ్మకాయలు తెచ్చినవా?" తెచ్చాను. పులిహోరకు కాదు, బండికి. వానలు వెనక్కి తగ్గి, దసరా వచ్చిందంటే మా ఇంట్లో నిమ్మకాయల మీద మొదటి హక్కు నాది కాదు, షెడ్డులో ముసుగు తన్ని పడుకున్న ముసలి అంబాసిడర్‌ది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండి వాటిని తొక్కుకుంటూ బయటికి రావాలి. లోకంలో అందరూ చేసేదే, వింతేమీ లేదు. కానీ ఆ నాలుగు కాయలు ఏరి ఆయన చేతిలో పెట్టేటప్పుడు నా వేళ్లు చల్లబడతాయి. ఏటా ఇంతే. ఇంత వయసొచ్చి నిమ్మకాయకు భయపడే ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, పాల్వంచ పక్కన. ఇంటి వెనక కొంత దూరం నడిస్తే అడవే. ఆ బండి మా మామయ్య కొన్నది. కొన్న కొత్తలో ఒక వానాకాలం, పొంగుతున్న వాగులో దాన్ని నడిపించబోయి, నడుములోతు నీళ్లలో సీటు మీద నిలబడి, ఊరివాళ్లు తాళ్లు వేసి లాగితే బయటపడ్డాడట. ఆనాటి నుంచి ఇంట్లో ఒక చట్టం పెట్టాడు: తొలకరికి బండి షెడ్డులోకి, దసరాకి బయటికి. మధ్యలో దేవుడొచ్చి అడిగినా తీసేది లేదు. బ్యాటరీ తీగలు విప్పాలి, ఎలుకలు దూరకుండా సైలెన్సర్‌లో గుడ్డ కుక్కాలి, సీట్ల కింద కలరా ఉండలు వేయాలి. బయటికి తీశాక మొదటి ప్రయాణం మాత్రం భద్రాచలానికే. ముందు సీట్లో మామయ్య, వెనక సీట్లో అత్తయ్య, ఒళ్లో పులిహోర డబ్బా. ఆ డబ్బాలోంచి రాముడికన్నా ముందు మామయ్యే తినేవాడని అత్తయ్య చివరిదాకా ఆయన మీద ఫిర్యాదు చేస్తూనే ఉంది.

మామయ్య పోయాక బండి షెడ్డులోనే ఉండిపోయింది, అత్తయ్య భద్రాచలం వెళ్లడం మానేసింది. "బస్సులున్నయి గదత్తమ్మా, గంటకొకటి పోతది" అని నేనెన్నిసార్లు చెప్పానో. "బస్సుల పోనీకి నాకు కాళ్లు లేవా? మీ మామ బండిల పోత, లేకుంటె పోను" అనేది. మొండితనంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు, ఆమె కొడుకును తప్ప. ఉద్యోగం నుంచి రిటైరైన ఏడు ఆయన కంకణం కట్టుకున్నాడు: ఈ దసరాకి అమ్మను నాన్న బండిలో తీసుకెళ్లి తీరాలని. అప్పటికే ఆమెకు కళ్లు మసకబారాయి, చెయ్యి వణికేది. ఇంకో ఏడు, ఇంకో ఏడు అని వాయిదా వేసుకునే వయసు కాదది.

టార్పాలిన్ లాగిన రోజునే నా గుండె జారింది. వెనక సీటు మీద, సరిగ్గా అత్తయ్య కూర్చునే చోట, నిలువెత్తు పాము కుబుసం. నేను కెవ్వుమన్నాను. "అరుస్తవేందే, కుబుసం ఉన్నదంటె పాము పోయిందనే గదా" అన్నాడాయన. పాము ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పలేదు. మామయ్య కాలం నుంచి మా బండి చూసే మెకానిక్ భాయ్ వచ్చి ఇంజను విప్పాడు, ప్లగ్గులు మార్చాడు, బ్రేకు ఆయిల్ కొత్తది పోశాడు. మొదటిసారి స్టార్టయినప్పుడు సైలెన్సర్‌లోంచి గుడ్డ పీలికలూ, నల్లటి పొగా, ఎలుక గూడూ కలిసి బయటికొచ్చాయి. అత్తయ్య అరుగు మీద కూర్చుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి చాలా కాలమైంది. నాకూ పాము సంగతి కాసేపు మరుపున పడింది.

దసరా పొద్దున మా ఆయన గొట్టంతో నీళ్లు పట్టి బండిని పెండ్లికొడుకులా కడిగాడు. షెడ్డు నేల కొంచెం వాలు, బండి జారకుండా హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి పెట్టాడు. పసుపు, కుంకుమ, బంతిపూలు, బానెట్ మీద జమ్మి ఆకు, అన్నీ అయ్యాయి. మర్నాడే బయల్దేరాలి. మంగళవారమని అత్తయ్య ఆపింది. ఆ తర్వాత ముసురు పట్టిందని మేమే ఆగాం. పోయే వాన పోకుండా రోజుల తరబడి గునిసింది. తడిసిన చక్రాలతో, బిగించిన బ్రేకుతో బండి అలాగే నిలబడి ఉంది. దాని గురించి ఎవరం ఆలోచించలేదు.

తెరిపిచ్చిన పొద్దున అత్తయ్య పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా నాకిచ్చి, తానే వంగి వంగి నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఆయన హ్యాండ్‌బ్రేకు దించి గేరు వేశాడు. బండి మూలిగింది, కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తొక్కితే ఒక్కసారి ముందుకు ఉరికి, ఎక్కడో టక్కుమని చప్పుడు చేసి, వాకిట్లోకి వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి చూశాం. మూడు కాయలు పచ్చడయ్యాయి. నాలుగోది, ఎడమవైపు వెనక చక్రానిది, తడి గచ్చు మీద జానెడు దూరం పక్కకు జారి, పసుపుపచ్చగా, గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది.

"బండి తీయకురా. అది నలగలే" అంది అత్తయ్య.

ఆయన దిగి, చెప్పు కాలితో ఆ కాయను ఒక్క తొక్కు తొక్కాడు. రసం నా చీర కుచ్చిళ్ల మీద చిందింది. "అగో, నలిగింది. ఎక్కమ్మా జల్దీ."

"నువ్వు తొక్కితె నలిగింది కొడుకా. బండి తొక్కలే."

అన్నది ఆ ఒక్క మాటే. కాదని కూర్చుంటే కొడుకు మనసు చిన్నబుచ్చుకుంటాడనుకుందో, ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడనుకుందో, ఎక్కి తన చోటులో కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడలేదు. మా అత్తయ్య, నిద్రలో కూడా మాట్లాడే మనిషి, కిటికీ కడ్డీ పట్టుకుని గమ్మున కూర్చుంది. నాకు పాముకన్నా, నిమ్మకాయకన్నా ఆ మౌనమే ఎక్కువ భయం పుట్టించింది.

అడవి మొదలైన కాసేపటికి మాడు వాసన. "అడివిల ఎవరో పుల్లలు కాలుస్తున్నరు" అన్నాడాయన. అవునేమో అనుకున్నాను. అడవి దాటి ఒక ఊరొచ్చింది, వాసన పోలేదు. ఆ ఊరు దాటి మళ్లీ అడవి వచ్చింది, వాసన ఇంకా చిక్కబడింది. "ఏమండీ, వాసన మనతోటే వస్తున్నది" అన్నాను. అప్పటికే రోడ్డు వాగు వంతెనకేసి వాలుగా దిగుతోంది. కింద, వంతెన ముందర, బస్సు ఆగి ఉంది. దాని పక్కన నెత్తిన మూటలతో ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. ఆయన బ్రేకు తొక్కాడు. తొక్కిన కాలు అలాగే నేలకంటింది. మళ్లీ తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. కీచుమంది కానీ బండి ఆగలేదు. ఆయన మెడ మీద చెమట నాకు వెనక నుంచి కనిపిస్తోంది. హారన్ మీద చెయ్యి తీయకుండా, గేరు విరిగిపోతుందేమో అన్నంత చప్పుడుతో తగ్గించి, ఎడమకు కోసి, రోడ్డు పని కోసం పోసిన ఇసుక కుప్పలోకి తోసేశాడు. ఇసుక అద్దం దాకా లేచింది. పులిహోర డబ్బా మూత ఊడి నా ఒడి నిండా మెతుకులు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను కానీ, అప్పుడు మూటల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని దింపుతుంటే నేను ఒళ్లో మెతుకులు ఏరి డబ్బాలో వేస్తూనే ఉన్నాను. ఎడమవైపు వెనక చక్రంలోంచి పొగ. ఆయన దాని ముందు ఇసుకలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. "పట్టేసింది. తడి మీద బ్రేకు గుంజి పెట్టిన గదా, లోపల అతుక్కపోయింది. షెడ్డుల చక్రం తిరగనే లేదు, కాయను పక్కకు నెట్టేసింది. సగం పట్టుకునే ఇంత దూరం వచ్చింది. ఆ వేడికే బ్రేకు ఆయిల్ మసిలిపోయింది" అన్నాడు, నాతో కాదు, చక్రంతో. తర్వాత తల్లి వైపు చూశాడు. చూడలేక మళ్లీ చక్రం వైపు చూశాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. అత్తయ్య వణికే చేత్తో కొడుకు జుట్టులో ఇసుక దులిపి, "ఇయ్యాల రావద్దన్నడు రాముడు. వచ్చే ఏడు పోదాం తియ్యి" అంది. అక్కడి నుంచి భద్రాచలం ఎంతో దూరం లేదు, బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కమని బతిమాలాం. ఎక్కలేదు.

వచ్చే ఏడు దసరాకి ఆమె లేదు. నడి వానల్లో, బండి టార్పాలిన్ కింద ఉండగా పోయింది. గోదావరి పోటు మీద ఉండి ఘాట్లు మునిగాయని, అస్థికల కుండను పెరట్లో వేపచెట్టు కొమ్మకు కట్టి ఎదురుచూశాం. వరద తీసిందని తెలిసిన పొద్దున ఆయన ఎవరికీ చెప్పకుండా షెడ్డు తలుపులు తీశాడు. మామయ్య చట్టం ఆ ఒక్కసారే తప్పాం. మైల రోజులు, పసుపు లేదు, కుంకుమ లేదు, కొబ్బరికాయ లేదు. నాలుగు నిమ్మకాయలు మాత్రం ఆయనే పెట్టాడు. బండి ముందుకు రాగానే దిగి, ఒక్కో చక్రం దగ్గర మోకాళ్ల మీద వంగి చూశాడు. నాలుగూ నలిగాయి. అప్పుడు ఏడ్చాడు మా ఆయన, నాలుగో కాయ దగ్గర, చిన్నపిల్లాడిలా, చప్పుడు చేసి. వెనక సీట్లో ఆమె చోటులో నేను కూర్చున్నాను, కుండ ఒళ్లో పెట్టుకుని. మా అత్తయ్య భద్రాచలం అలా వెళ్లింది, తన మాట ప్రకారం, మామయ్య బండిలోనే.

ఇప్పుడు కూడా షెడ్డులో ఆయన వంగి చూస్తున్నాడు, నడుము పట్టుకుని, ఒక్కో చక్రాన్నీ. బండిని తొలకరికి మూసి దసరాకి తెరుస్తాం కదా, మధ్యలో ఆ నాలుగు నెలలూ అన్నీ మనకోసం ఆగి ఉంటాయనుకుంటాం. ఆగేది బండి ఒక్కటే.