చీమల సాక్ష్యం

ఆగిరిపల్లి మామిడితోట కావలివాడు యలమంద ఏది తాగాలన్నా ముందు ఒక మామిడాకు కోసి, దాని మీద నాలుగు చుక్కలు వేసి, గొంతుక్కూర్చుని చీమల కోసం చూస్తాడు. కల్తీ సారాకు తమ్ముడి కళ్లు పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. చీమలు పట్టిందే తాగుతాడు. పట్టనిది ఎవరిచ్చినా పారబోస్తాడు. జనం నవ్వుతారు. నవ్వుకోనీ.

ఆ ఎండాకాలం తోట యజమాని లక్ష్మీనరసింహారావు, ఓడలో పనిచేసే బావమరిది తెచ్చిన నల్లటి బీరుసీసా పట్టుకుని పాక దగ్గరికి వచ్చాడు. విస్కీ ఖాళీ చేసిన చెక్కపీపాలో ఏడాదిపాటు ఊరిన బీరట. "ముందు నువ్వు రుచి చూడరా," అంటూ గ్లాసు నింపాడు. రాలిన కాయ కూడా వదలని ఈ మనిషి, తనకి ముందు ఎందుకు పోస్తున్నట్టు? యలమంద ఆకు మీద చుక్కలు వేశాడు. కాసేపటికి చీమలు బారులు కట్టాయి. అప్పుడు ఒక గుక్క తాగాడు. మాడిన బెల్లంలాంటి చేదు, దాని వెనక పాతచెక్క వాసన, ఆఖర్న గొంతులో మెల్లగా దిగే విస్కీ వెచ్చదనం. పుట్టి బుద్ధెరిగి ఇంత కమ్మటి సరుకు తాగలేదు. రావు మాత్రం తన గ్లాసులో చుక్క పోసుకోలేదు. ఆకు వైపు కాదు, యలమంద కళ్లలోకే చూస్తున్నాడు.

"ఏరా, కళ్లు బాగానే కనపడుతున్నాయా?"

యలమంద కాలు మెల్లగా జరిపి ఆకుని కప్పేశాడు.

"మసకేస్తున్నాయండి. ఆకుకి పట్టిన చీమలు కూడా చచ్చిపడ్డాయి. ఆ సీసా ఇటివ్వండి, దూరంగా పారబోసొస్తాను."