కూలర్ బంద్ చేసి చూసే మనిషి

ఎండలు ముదరగానే మా ఆఫీసులో అటక మీది ఎయిర్ కూలర్‌ను కిందికి దించుతారు. కొత్త గడ్డి పెట్టి, నీళ్లు పోసి స్విచ్ వేస్తే తడిసిన గడ్డి వాసన గదంతా నిండుతుంది. అందరూ అమ్మయ్య అనుకుంటూ కుర్చీలు అటువైపు జరుపుకుంటారు. నా చెయ్యి మాత్రం దాన్ని ఆపేయడానికి స్విచ్ వైపు పోతుంది. మొన్న కూడా అదే జరిగింది. కొత్తగా కొన్న కంప్యూటర్‌ను పరీక్షకు పెట్టి, కూలర్ ఆపి, కిటికీలు మూశాను. నాతో పనిచేసే రమాదేవి కొంగుతో విసురుకుంటూ "నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది. పిచ్చే మరి. కాకపోతే పుట్టుకతో వచ్చింది కాదు, పాల్వంచలో వీరస్వామి సార్ దగ్గర అంటుకుంది.

ఆయన నాకు బడిలో పాఠాలు చెప్పలేదు, చుట్టమూ కారు. ఒక ఫ్యాక్టరీ టెస్టింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు మోటార్లను పరీక్షించి రిటైరైన మనిషి. రిటైరయ్యాక తోటివాళ్లంతా మనవలను ఆడించుకుంటూ ఉంటే ఈయన కంప్యూటర్ తెర మీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డుల వెంట పడ్డారు. వాటి మీద ఆటలు ఆడేవారని కాదు. ఒక కార్డు ఎంత వేగం దాకా పోగలదు, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని తేల్చడమే ఆయన ఆట. తయారుచేసినవాళ్లు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో కార్డును నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అది తెలుసని చెప్పుకునేవాళ్లు అప్పట్లో ఖమ్మంలోనూ ఉన్నారు, కొత్తగూడెంలోనూ ఉన్నారు. వేగం పెంచడానికి నాలుగు బటన్లు నొక్కితే చాలు, ఎవరికైనా వస్తుంది. పెంచిన వేగం మీద అది నిలబడుతుందా లేదా అని పూటల తరబడి కూర్చుని చూసే ఓపిక మాత్రం ఈయనకే ఉండేది.

అది రెండువేల ఎనిమిది వేసవి. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఒక ఇంజినీర్ గారి ఆఫీసులో నేను ప్లాన్లు గీసేదాన్ని. భద్రాచలం అవతల అడవిలో ఒక కోయగూడెం దగ్గర ఆడపిల్లలకు హాస్టల్ కట్టాలని ఒక ట్రస్టు వాళ్లు మా దగ్గరికి వచ్చారు. వాళ్ల దగ్గర అప్పటికే ఒక ప్లాన్ ఉంది. అందులో బాత్రూంలు హాస్టల్ వెనక, ఆరుబయట, విడిగా ఉన్నాయి. దమ్మపేటలో నేను చదివింది అలాంటి హాస్టల్లోనే. పొద్దు గూకితే బయటికి పోవాల్సి వస్తుందని సాయంత్రం నాలుగు తర్వాత మేమెవరమూ నీళ్లు తాగేవాళ్లం కాదు. ఎండాకాలంలో కూడా. అందుకని బాత్రూంలను లోపలికి తెచ్చి, పడుకునే గది నుంచి నేరుగా వెళ్లేలా నేనింకో ప్లాన్ గీశాను. ట్రస్టు పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "గూడెపోళ్లు చూసి ఒప్పుకుంటే నీదే కట్టిద్దాం. లేకుంటే పాతదే ఖాయం" అన్నాడు.

కాగితం మీది గీతలు చూసి ఇల్లు ఊహించుకోవడం అందరివల్లా కాదు. అందుకే హాస్టల్‌ను కంప్యూటర్లో కట్టి, తెర మీద తలుపు తీసుకుని లోపలికి నడుస్తూ చూసేలా తయారుచేశాను. మా పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేకపోయింది. ఇంజినీర్ గారు హైదరాబాదు నుంచి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెప్పించారు. అప్పటికీ వరండా దగ్గర బొమ్మ కాస్త తడబడేది. నేను ఇంటర్నెట్‌లో చదివి దాని వేగం పెంచేశాను. బొమ్మ గబగబా పరుగెత్తింది. పది నిమిషాలు చూసి, "పక్కా సార్" అని ఇంజినీర్ గారికి మాట ఇచ్చేశాను. అది ఫిబ్రవరి. మే వచ్చేసరికి నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. గూడెంలో చూపించాల్సింది ఇంకో నాలుగు రోజుల్లో. కార్డు అమ్మిన షాపాయన, "వీరస్వామి సార్ దగ్గరికి తీస్కపో, నిజం చెప్తడు" అన్నాడు. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని పాల్వంచ బస్సెక్కాను.

ఆయన పని చేసుకునేది ఇంటి పక్కన వేసిన రేకుల గదిలో. మూల ఒక కూలర్ తిరుగుతోంది. నేను చెప్పిందంతా విని, "ఎంతసేపు చూసినవ్ బిడ్డా?" అన్నారు.

"పది నిమిషాలు సార్."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిల. పొద్దుగాల."

"ఫిబ్రవరిల చూసి మే నెలకు మాటిచ్చినవన్నట్టు" అని నవ్వి, లేచి వెళ్లి కూలర్ బంద్ చేశారు. కిటికీ మూశారు. నేను గాలి కోసం తీసి ఉంచిన కంప్యూటర్ పక్క రేకును బిగించారు. కార్డుతో బండెడు చాకిరీ చేయించే ప్రోగ్రాం ఒకటి పెట్టారు. తెర మీద బొచ్చు చక్రం ఒకటి ఆగకుండా తిరుగుతుంది, అంతే. గళ్లు గీసిన నోటుపుస్తకం నా చేతికిచ్చి, పావుగంటకోసారి టైము, గది వేడి, కార్డు వేడి, తెర మీద ఏం కనపడిందీ రాయమన్నారు. "ఒక్కటే షరతు. చూడనిది రాయొద్దు" అన్నారు.

ముప్పావు గంట కాకముందే తెర మీద గులాబీ రంగు చదరాలు లేచి అంతా బిగుసుకుపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం చప్పట్లు కొట్టారు. "పోయింది! ఈడనే పోయింది. బతికిపోయినం!" అన్నారు. నా నాలుగు నెలల కష్టం బిగుసుకుపోతే ఈ ముసలాయనకు సంబరమేమిటని ఒళ్లు మండింది. మంచినీళ్లు తెచ్చిన ఆయన భార్య సుశీలమ్మ నా ముఖం చూసి, "మనసుల పెట్టుకోకు బిడ్డా. మా పిల్ల పెండ్లిల గూడ అందరికీ బువ్వ పెట్టకముందు జనరేటర్‌ను రెండు గంటలు నడిపిచ్చి చూసిండు ఈయన" అంది.

ఆ రోజు వాళ్లింట్లోనే ఉండిపోయాను. మర్నాడు వేగం కొంత తగ్గించి, పొద్దున ఎనిమిదింటికి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆరు గంటలు ఆపకుండా నడవాలన్నారు. "చూపిచ్చేది గంటనే గద సార్?" అంటే, "గంట పనికి ఆరు గంటలు చూడాలె. ఆడ రేకులు, దుమ్ము, జనం. మనకు తెల్వనివి ఎన్నుంటయో" అన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటేదాకా కార్డు బుద్ధిగా నడిచింది. సార్ భోంచేసి ఇంట్లో నడుం వాల్చారు. సుశీలమ్మ నన్ను తినడానికి పిలిచింది. మామిడికాయ పప్పు కలుపుకుంటుండగా కరెంటు పోయింది. కరెంటు పుట్టించే థర్మల్ స్టేషన్ ఉన్న ఊళ్లో ఇదేం గోల అని ఆమె విసుక్కుంది. కరెంటు వచ్చి, నేను చెయ్యి కడుక్కుని రేకుల గదికి వెళ్లేసరికి ముప్పావు గంట పైనే అయింది. కంప్యూటర్ ఆగిపోయి ఉంది.

అటూ ఇటూ చూశాను. బటన్ నొక్కి చక్రాన్ని మళ్లీ తిప్పాను. పుస్తకంలో ఖాళీగా ఉన్న మూడు గళ్లూ ఒక్కసారే నింపేశాను. కార్డు వేడి ఎనభై, ఎనభై, ఎనభై ఒకటి డిగ్రీలని. మూడు సార్లూ ఎనభై అని ఉంటే అనుమానం వస్తుందని చివర ఒకటి కలిపే తెలివి కూడా ఆ క్షణాన నాకు ఉంది. పొద్దున్నుంచీ బాగానే నడిచిందిగా, ఇందులో తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండున్నర దాటాక సార్ ముఖం తుడుచుకుంటూ వచ్చారు. పుస్తకం తీసి వరస మీద వేలు పెట్టి చదివారు. కోప్పడలేదు. "చెమటకు లేచిన నేను. ఫ్యాన్ ఆగింది. నా ఫ్యాన్ ఆగినప్పుడు నీ కార్డు ఎట్ల తిరిగింది బిడ్డా?" అన్నారు.

నేల చీలితే అందులోకి పోదామనిపించింది. అయినా ఊరుకోక, "జరంత సేపు ఆగితే ఏమైతది సార్? అప్పటిదాంక మంచిగనే నడిచింది గద" అన్నాను.

"ఆగితే సల్లబడ్తది. సల్లబడ్డంక నడిస్తే లెక్క మళ్ల మొదటికెల్లి. నువ్వేమో ఆరు గంటలు నడిచినట్టు రాసినవ్." పుస్తకం పక్కన పెట్టి, "అసలు నీ ప్లానే కట్టాల్నని ఎందుకు గింత పట్టుపడ్తున్నవ్? ఆ హాస్టల్ల నువ్వు ఉంటవా?" అని అడిగారు.

సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లు తాగకపోవడం గురించి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇంజినీర్ గారికి కూడా. ఆయన తల వంచుకుని విన్నారు. విని, "మరి ఆ పిల్లల కోసం ఆరు గంటలు ఒక్కకాడ కూసోలేకపోయినవా?" అన్నారు మెల్లగా.

తిడితే బాగుండేది. నేను కాగితం చింపబోతే వద్దన్నారు. స్కేలు పెట్టి ఆ పేజీకి అడ్డంగా ఒక గీత గీసి, "ఉండనియ్" అన్నారు. ఇద్దరం కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. బయట ఎండ మండిపోతోంది, లోపల రేకులు కాలిపోతున్నాయి. ఈసారి చక్రంతో పాటు నా హాస్టల్‌ను కూడా నడిపించమన్నారు. నాలుగు కావడానికి కాస్త ముందు, పిల్లలు పడుకునే గదిలోంచి బాత్రూంల వైపు తిరిగే చోట గోడలు ఒక్కసారి ముక్కలుగా చీలి, మేకుల్లా పైకి లేచాయి. తెర నల్లబడింది.

మూడు దొంగ అంకెలతో ఆ మెషిన్‌ను నేను గూడేనికి తీసుకుపోయి ఉండేదాన్ని. వాళ్లందరి ముందూ సరిగ్గా అక్కడే చీలిపోయి ఉండేది. పాత ప్లానే కట్టేవాళ్లు. గుండెల మీద బరువు దిగిపోయింది. "ఈడనే పోయింది సార్" అన్నాను, ఏడుస్తూనో నవ్వుతూనో. "బతికిపోయినం" అన్నారాయన.

మూడో రోజు వేగం ఇంకా తగ్గించాం. తయారుచేసినవాళ్లు పెట్టినదానికి పిసరంత ఎక్కువ, అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను గది వదల్లేదు. సుశీలమ్మ అన్నం అక్కడికే తెచ్చింది. పావుగంటకోసారి చూశాను, చూసిందే రాశాను. కరెంటు పోలేదు, తెర చెదరలేదు. సాయంత్రం పుస్తకం ఆయన ముందు పెట్టి సంతకం అడిగాను. "చూసింది నువ్వు. సంతకం నాదెట్లయితది?" అని పెన్ను నాకే ఇచ్చారు.

గూడెంలో బడి గదే మా సభ. కిటికీలకు చాపలు కట్టి, కంప్యూటర్ చుట్టుకొచ్చిన దుప్పటినే గోడకు కట్టి ప్రొజెక్టర్‌తో దాని మీద బొమ్మ వేశాం. జనరేటర్ బయట దడదడలాడుతోంది. రేకుల కింద అరవైమందిమి ఉడికిపోతున్నాం. నేను కంగారులో తలుపులన్నీ గబగబా తీసుకుంటూ పోతున్నాను. ముందు వరసలో కూర్చున్న ముత్తమ్మ అనే ముసలామె పక్కామెతో కోయలో ఏదో అని, తర్వాత నాతో తెలుగులో, "గంత ఉరుకుడెందుకు బిడ్డా? మెల్లగ పో. మేం గూడ నీతోని నడుస్తున్నం గద" అంది. ఏ వేగం కోసం నేను అబద్ధం రాశానో ఆ వేగం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. నాకు నవ్వొచ్చింది. మెల్లగా నడిచాను.

పడుకునే గది దగ్గర ఆమె మళ్లీ ఆపింది. "పొద్దు గూకినంక నా మనవరాలు బయటికి రావాల్నా?"

"అవసరం లేదవ్వా. గిట్ల లోపల్నుంచే పోవచ్చు" అని మలుపు తిరిగాను. గోడలు గోడల్లాగే నిలబడ్డాయి. ముత్తమ్మ లేచి వెళ్లి దుప్పటి మీది తలుపును చేత్తో తడిమి చూసి, వెనక్కి తిరిగి, "గిదే కట్టుండ్రి" అంది. తర్వాత మిగతావాళ్లూ అదే మాట అన్నారు.

తిరుగు దారిలో పాల్వంచలో దిగాను. సార్ గడప దగ్గరే, "ఎంత వేడి చూసినవ్?" అని అడిగారు. ఒప్పుకున్నారా లేదా అని కాదు.

"ఎనభై మూడు సార్."

"చూసే రాసినవా?"

"చూసే రాసిన."

"అయితే లోపలికి రా. బువ్వ తిందువు" అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత ఆయనకు జ్వరం వచ్చి దవాఖానాలో చేర్చారని తెలిసి పరుగున వెళ్లాను. కళ్లు మూసుకుని ఉన్నారు. నర్సు మంచం పక్కనున్న చార్టులో ఏదో రాస్తోంది. ఉన్నట్టుండి ఆయన కళ్లు తెరవకుండానే, "థర్మామీటర్ పెట్టలే గద బిడ్డా, ఏం రాస్తున్నవ్?" అన్నారు. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని, థర్మామీటర్ తీసి పెట్టింది. సుశీలమ్మా నేనూ పకపకా నవ్వుకున్నాం, మనిషికి ఇంకేం భయం లేదని. నిజంగానే వారంలో ఇంటికొచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లు బతికి, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయారు. సుశీలమ్మ ఆ నోటుపుస్తకం నాకే ఇచ్చింది. అడ్డగీత పడ్డ పేజీలో ఎనభై, ఎనభై, ఎనభై ఒకటి ఇంకా ఉన్నాయి, నా చేతిరాతతో.

మొన్నటి కంప్యూటర్ సంగతి చెప్పలేదు కదూ. మూడో గంటలో తెర మీద గులాబీ చదరాలు లేచి బిగుసుకుపోయింది. "అయ్యో" అంది రమాదేవి. నేను చప్పట్లు కొట్టాను. "ఈడనే పోయింది" అని, టైమూ వేడీ చూసి నా పుస్తకంలోని గడిలో రాసుకుని, లేచి వెళ్లి కూలర్ వేశాను.