బుధవారం వరుసలో రాసిన వాన

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు, నా రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా, నన్ను ప్రొద్దుటూరులోని ఒక శిక్షణ కేంద్రానికి డెప్యుటేషన్ మీద వేశారు. చేరింది జూన్ మొదటి సోమవారం. అప్పటికి నేను గణాంక శాఖలో సహాయ గణాంక అధికారిని. పంటల విస్తీర్ణం, ధరలు, వాన లెక్క మా శాఖ చూసే పనులు. వీటిలో వాన లెక్కంటే అందరికీ చిన్నచూపే. మండలాఫీసు ఆవరణలో ఒక మూల రెయిన్‌గేజి ఉంటుంది. దాని కంచె మీద అటెండరు తువ్వాలు ఆరేసుకుంటాడు. ముప్పై ఏళ్లుగా ఆ మూలవిరాట్టుకు నేనే పూజారిని.

ఉత్తర్వులో నా పనిని ఒక్క ముక్కలో రాశారు: విపత్తు శిక్షణకు బల్ల మీది యుద్ధక్రీడ తయారీ. రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. శిక్షణ నడిపే ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, మైదుకూరు దగ్గరి వాడు. అందరం మేజర్ గారనేవాళ్లం. ఆయనే విడమరిచి చెప్పారు. సైన్యంలో బల్ల మీద నేల నమూనా చేసి, శత్రువు ఎటునుంచి వస్తాడో చెప్పకుండా, బొమ్మలు జరుపుతూ ఆఫీసర్ల చేత యుద్ధం ఆడిస్తారట. మా ఆటలో శత్రువు వరద. ఒక పక్షాన తహసీల్దారు, ఎస్సై, ఇంజనీరు, వీఆర్వోలాంటి వాళ్లు ఆడతారు. రెండో పక్షం వాన. అది నేను.

ఆయన పెట్టిన నియమాలు రెండే. నేల కల్పితం కావాలి, వాతావరణం నిజం కావాలి. నిజమైన ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లు మా ఊరినెందుకు ముంచారని పోట్లాటకొస్తారు. కల్పిత వాన పెడితే ఆడేవాళ్లు నమ్మరు. కొన్నిచోట్ల పాచికలు వేసి వాన తేలుస్తారని విన్నాను. మేజర్ గారికి అది గిట్టదు. నిజమైన వానకు ముందు రెండు రోజుల ఉక్క, గాలి ఉంటాయి, పాచికలకు అవి తెలియవనేవారు.

నేల తయారీకి నెల పట్టింది. జమ్మలమడుగు నుంచి తెప్పించిన రెండు నాపరాళ్లు కలిపి బల్ల చేయించాను. బట్టలషాపుల్లో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చి నల్లరేగడికి ముదురు రంగు, మాగాణికి పచ్చ, వాగుకు బూడిదరంగు పరిచాను. పైన కొండలు, కొండల కింద చెరువు, చెరువుకు రెండు తూములు. నీళ్లెక్కువైతే పొర్లిపోవడానికి ఒక మరవ. చెరువుకు రెండు మైళ్ల దిగువన ఒక చిన్న ఊరు, దాని పక్కన మిట్ట. ఒక్కో కుటుంబానికి ఒక్కో చింతగింజ. ఊరికి గవ్వలకొట్టాల అని పేరు పెట్టి, జిల్లా రెవెన్యూ గ్రామాల జాబితా అంతా వెతికి, అట్లాంటి ఊరు లేదని తేల్చుకున్నాకే అట్టముక్క మీద రాశాను. సొంతంగా ఒక మండలాన్ని పుట్టించానని లోలోపల కాస్త గర్వపడిన మాట నిజం.

వాతావరణం కోసం పాత రిజిస్టర్లు తిరగేశాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు వైపులవీ తెప్పించుకున్నాను. కొన్ని చెదలు తిన్నవి, కొన్నింట్లో నెలంతా ఒకే సిరాతో ఒకే పూట కూర్చుని రాసిన అంకెలు. మా వాళ్ల చేతివాటం నాకు తెలియనిది కాదు గనక అవి పక్కన పెట్టాను. చివరికి పులివెందుల వైపు కొండల కిందే ఆఫీసున్న మండలం ఒకదాని రిజిస్టరులో మంచి వారం దొరికింది. ఇరవై ఏళ్లకు పైబడిన సంగతి. ఆదివారం, సోమవారం పడమటి గాలి, దుమ్ము. మంగళవారం ఎదుట సున్నా, గాలి నిలిచిపోయిందని ఒక మాట. బుధవారం ఎదుట పద్దెనిమిది సెంటీమీటర్లు. సంవత్సరం దాచేసి, వారాలు అలాగే ఉంచి, రోజు అంకెను అంచనాగా పంచి మూడు గంటలకొక కవరు చొప్పున కట్టాను. ఆటలో ఒక్కో వంతు మూడు గంటలు. వంతు మొదట్లో కవరు విప్పి వానెంతో, గాలెటో చదువుతారు. అది విన్నాకే ఎవరైనా గింజ కదపాలి.

మొదటి రెండు జట్లు బాగానే ఆడాయి. అంటే బాగానే ఓడిపోయాయి. మూడో జట్టు వచ్చిన రోజు ఇంకోలా మొదలైంది.

ఆ పూట ఆదివారం, సోమవారం వంతులు అయ్యాయి. అందరం భోజనానికి లేచాం. తిరిగొచ్చి చూస్తే గవ్వలకొట్టాల ఖాళీగా ఉంది. నలభై చింతగింజలూ మిట్ట మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఎవరి చిలిపితనమో అనుకుని మళ్లీ ఊళ్లో పెట్టాను. టీకి వెళ్లేటప్పుడు హాలుకు నేనే తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. వచ్చి చూస్తే గింజలు మళ్లీ మిట్ట మీదే ఉన్నాయి. ఈసారి వరస కూడా లేదు, పరుగెత్తి ఎక్కి ఎటు పడితే అటు ఆగినట్టున్నాయి. వాటిని మళ్లీ ఊళ్లోకి సర్దాను. మేజర్ గారు ఎలుకలై ఉంటాయన్నారు. ఎలుకలు ఒక ఊరినే ఎంచుకుని ఖాళీ చేయించవని నేననలేదు.

ఆటలో మంగళవారం మధ్యాహ్నపు కవరు విప్పారు. వాన సున్నా, ఆకాశం నిర్మలం. ఇంజనీరు ఆవలించాడు. అప్పుడు వీఆర్వో స్థానంలో ఆడుతున్న లక్ష్మీదేవి లేచింది. జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో నిజంగానే వీఆర్వోగా పనిచేస్తున్న మనిషి, ముప్పై దాటినది, ఉదయం నుంచి నోరు విప్పలేదు. బల్ల దగ్గరికి వచ్చి రెండు అరచేతులతో గింజలన్నీ దోసిట్లోకి తీసుకుని మిట్ట మీద పోసింది.

హెచ్చరిక లేదు, ఉత్తర్వు లేదు, ఏ ఆధారంతో ఖాళీ చేయించావని మేజర్ గారు గద్దించారు.

“ఈ వాన నాకు తెల్సు సార్. ఇది మంగళవారం మధ్యాన్నమే పడింది. మీ కవరే తప్పు,” అంది.

ఇది లేని ఊరమ్మా అని నేను నచ్చజెప్పబోయాను. ఆమె నా వైపు తిరిగి, “తూర్పు పడమరలు మార్చినారు గానీ, అది మా చెరువే సార్. రెండో తూము పూడిపోయిందని గూడా మీరు రాయి పెట్టినారు,” అంది. చూస్తే నిజమే. రెండో తూము మీద నేనొక గులకరాయి పెట్టి ఉన్నాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు.

ఆట అక్కడితో ఆపేశారు. వరండాలో కూర్చోబెట్టి అడిగితే ఆమె చెప్పింది. ఆమె తండ్రి ఓబులేసు ఆ చెరువుకు నీరుగంటి, అంటే తూములు తెరిచి మూసి పొలాలకు నీళ్లు పంచే మనిషి. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్లు. మంగళవారం మధ్యాహ్నం సద్ది తీసుకుని కట్ట మీదికి వెళ్లింది. కొండల మీద నుంచి వాన నల్లగా దిగి చెరువు దాకా వచ్చి ఆగిపోయింది. దిగువ ఊరికి ఒక్క చినుకు రాలలేదు. తండ్రి ఒక తూము తెరిచి, రెండోది కదలక, ఊళ్లోకి పరిగెత్తి అందరినీ మిట్టెక్కమని మొత్తుకున్నాడు. పైన ఎండ కాస్తోంది. జనం నవ్వారు. దీపాలు పెట్టే వేళకు కట్ట తెగింది. ఇద్దరు పోయారు.

విచారణ జరిగింది. మంగళవారం వాన సున్నా అని ఆఫీసు కాగితం వచ్చింది. వాన లేని రోజు కట్ట తెగిందంటే నీరుగంటి గండిని ముందే చూసి కూడా దాచాడన్నమాట అని తేల్చి, పని తీసేశారు. ఊరు కూడా అదే నమ్మింది. ఆ తర్వాత వాళ్లు సింహాద్రిపురం వైపు బంధువుల పంచన చేరారు.

“భోజనాలప్పుడు గింజలు జరిపింది నేనే సార్. టీ అప్పుడు మాత్రం నేను గాదు, పంపు కాడ మొగం కడుక్కుంటాంటి,” అంది చివర్లో. రెండోసారి జరిపింది ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆమె వెళ్లాక రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. మా వృత్తిలో కొత్తగా చేరిన వాడికి కూడా తెలిసిన సంగతొకటుంది. రెయిన్‌గేజి కొలిచేది ఉదయం ఎనిమిదిన్నరకు. ఆ నీళ్లు అంతకు ముందు ఇరవైనాలుగు గంటల్లో పడినవి. కానీ అంకె వేసేది కొలిచిన రోజు ఎదుట. మంగళవారం మధ్యాహ్నం పడిన వాన బుధవారం వరుసలో కూర్చుంటుంది. నెల మొత్తం కూడేటప్పుడు దీనితో ఏ తేడా రాదు, అందుకే మాకు వరుసే రోజు అనిపించడం అలవాటైపోతుంది. కవర్లు కట్టేటప్పుడు నేను చేసింది అదే.

అంతటితో పోతే ఒక కవరు తప్పే. కానీ ఆ మండలం పేరు చూస్తూ ఉంటే నాకు నెమ్మదిగా గుర్తొచ్చింది. కట్ట తెగిన రెండు నెలలకు నేను బదిలీ మీద చేరి, కొద్ది నెలలే పనిచేసింది అక్కడే. రోజూ పులివెందుల నుంచి బస్సులో పోతుంటే కిటికీలోంచి తెగిన కట్ట, పూడిన తూము, మిట్ట కనిపించేవి. సొంతంగా పుట్టించాననుకున్న నేల అదే. చేరిన వారంలో ఒక లేఖ వచ్చింది: ఫలానా మంగళవారం నమోదైన వర్షపాతం తెలుపగలరు. రిజిస్టరు తెరిచి, ఆ వరుస చూసి, సున్నా అని ముసాయిదా రాసి సంతకానికి పెట్టాను. అడిగినదానికే జవాబివ్వాలి, అడగనిది రాస్తే అక్షింతలు పడతాయని మాకు నేర్పారు. కింది వరుసలో పద్దెనిమిది సెంటీమీటర్లు ఉంది. నేను చూడలేదని చెప్పుకోవచ్చు. నిజానికి చూసే ఉంటాను.

శనివారం రిజిస్టరు పేజీకి నకలు తీయించి, కొలిచే వేళ గురించి ఒక పేరా రాసి, అధికారి చేత ధ్రువీకరింపజేసుకుని, లక్ష్మీదేవితో కలిసి సింహాద్రిపురం అవతల వాళ్లింటికి వెళ్లాను. నా సంగతి చెప్పకుండా కాగితం మాత్రం ఇచ్చి రావచ్చు, ఆమెకు కూడా తెలియదు గదా అన్న ఆలోచన నాకు బస్సు దిగేవరకు ఉంది. దాచడమెందుకు.

ఓబులేసు ఎనభైకి దగ్గర పడిన మనిషి. అరుగు మీద చాప వేసి కూర్చోమన్నాడు. నేను కాగితం విప్పి, ఎనిమిదిన్నర సంగతి రెండుసార్లు చెప్పాను. ఆయన చూపు కాగితం మీద లేదు, నా నోటి మీద ఉంది. అంతా విన్నాక అడిగాడు.

“అయితే సారూ, ఆ పొద్దు వాన పడిందా?”

పడిందన్నాను. ఆయన కూతురి వైపు ఒకసారి చూసి మళ్లీ నా వైపు తిరిగాడు.

“పడలేదనుకుంటి సామీ. కాయితంలో లేదని అంత పెద్ద సారు చెప్తే, నేను చూసింది ఏందో అనుకుంటి. మొదట్లో అరిచినా. రానురాను నాకే అనుమానం పట్టుకునె. తడిసిన గుడ్డలు గూడా కలలోనే తడిసినాయేమో అని. ఈ బిడ్డ నేను గూడా చూసినా నాయనా అంటే, నోర్ముయ్ నువ్వు గూడా కలగన్నావు అని కొట్టినా.”

లక్ష్మీదేవి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ వాన పడిందన్న మాట ఆమె పైకి అనడం, తొమ్మిదో ఏట తిన్న ఆ దెబ్బ తర్వాత, మా బల్ల దగ్గరే మొదటిసారట. అది తర్వాత తెలిసింది. దయ్యాలు, గాలి ధూళి అంటే నేను నమ్మను. కానీ ఒక మనిషి తన ఒంటి మీద పడిన వానను ఇరవై ఏళ్లు కాదనుకుంటూ బతికాడని విన్నప్పుడు పట్టపగలు ఆ అరుగు మీద నాకు భయం వేసింది.

అప్పుడు చెప్పాను, ఆ సున్నా రాసిన చెయ్యి నాదేనని.

ఆయన తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నా చేతుల వైపు కాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని కూతురికిచ్చి, “చదువు. గెట్టిగా చదువు,” అన్నాడు. ఆమె చదివింది. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి పక్కింటి వాళ్లను కూడా పిలిపించాడు. నేను అక్కడుండగా ఐదుసార్లు చదివించాడు. ప్రతిసారీ పద్దెనిమిది అన్నచోట తల ఊపాడు.

విచారణను సరిదిద్దమని పైకి రాశాను. కాలపరిమితి దాటినందున ఆ ఫైలు ధ్వంసం చేశామని, తదుపరి చర్య అవసరం లేదని జవాబు వచ్చింది. పోయిన పని తిరిగి రాలేదు, మూడేళ్లకు ఆయనా పోయాడు. నాకు మెమో కూడా రాలేదు. యుద్ధక్రీడ కవర్లు మాత్రం కొత్తగా కట్టాను. ప్రతి కవరు మీద తేదీతో పాటు ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది కూడా రాశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ఫలానా రోజు వాన ఎంత అని ఎవరైనా అడిగితే, ఆ రోజు వరుసతో పాటు మరుసటి రోజు వరుస కూడా రాసివ్వండి. అడగకపోయినా రాసివ్వండి. దానికి అర నిమిషం పడుతుంది.