పరాసుపేట జట్టు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అర్జెంటీనాలో జరిగిన ఏడాది, అంటే దివిసీమ ఉప్పెన తర్వాతి వేసవిలో, నేనొక స్నేహితుణ్ణి వాదనలో ఓడించాను. నా వాదనలో ఒక్క తప్పు లేదు. ఈనాటికీ లేదు.

అతను బందరు పరాసుపేటలో దర్జీ. హైస్కూల్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఒకప్పుడు పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, వ్యాపారం చేసుకున్న పేట కనుక దానికా పేరు వచ్చింది. వాళ్లు మూటాముల్లె సర్దుకుని పోయినా, మా దర్జీకీ అతని తమ్ముడికీ ఫ్రాన్సు అంటే సొంత పేట జట్టే. ఉప్పెనకు రెండు రోజుల ముందు, ఫ్రాన్సు ప్రపంచ కప్పుకు అర్హత సాధించిందని ఇంగ్లీషు పేపర్లో ఒక మూల చిన్న వార్త పడింది. తమ్ముడు దాన్ని కత్తిరించి దుకాణం గోడకు అంటించాడు. మర్నాడు చేతిమిషను పట్టుకుని, ఒక పెళ్లివారి బట్టలు కుట్టడానికి దివిసీమలోని కోడూరు వెళ్లాడు. పెళ్లివారింట్లోనే పదిరోజులు మకాం పెట్టి అందరి బట్టలూ కుట్టి రావడం ఆ రోజుల్లో దర్జీలకు మామూలే.

నీళ్లు తీశాక మేమిద్దరం వెతకడానికి వెళ్లాం. చల్లపల్లి దాకా బస్సు, ఆ తర్వాత బియ్యం తీసుకెళ్తున్న లారీ, ఆపైన నడక. దారిపొడుగునా చూసినవి రాయను. పెళ్లివారిల్లు ఉన్నచోట పునాది మిగిలింది. కొద్ది దూరంలో బురదలో మిషను దొరికింది. మనిషి దొరకలేదు.

"మిషను వదిలేసి ఈదుంటాడు బావా. వాడికి ఈత బాగా వచ్చు," అన్నాడు అతను.

వాళ్లమ్మ చనిపోయినవాడి కోసం చేసే నమాజు చేయించమని అడిగింది. శరీరం లేకపోయినా చేయవచ్చని పెద్దలూ చెప్పారు. అతను ససేమిరా అన్నాడు. ఆర్నెల్లు గడిచాయి. ఆమె రోజూ అడిగేది, అతను రోజూ కాదనేవాడు.

వేసవిలో గ్రూపుల పట్టిక పేపర్లో వచ్చింది. ఇటలీ, అర్జెంటీనా, ఫ్రాన్సు, హంగరీ ఒకే గ్రూపులో పడ్డాయి. పైకి వెళ్లేవి రెండే. ఒకరోజు నేను దుకాణంలో కూర్చుని ఉండగా అతను చాలా మామూలుగా అన్నాడు: "ఫ్రాన్సు ఇందులోంచి బయటపడితే వాడూ బయటపడినట్టే. అందాకా ఆగమని అమ్మతో చెప్పా."

నాకు ఒళ్లు మండింది. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునేవాళ్లతో పదేళ్లుగా పోట్లాడుతున్నవాణ్ణి. నా స్నేహితుడే ఒక తల్లిని బంతాట శకునానికి కట్టిపడేస్తే ఊరుకోవడమా?

మాకు బందరులో ఒక చర్చా సంఘం ఉండేది. నేను గుడివాడలో పంతులుని. ప్రతి ఆదివారం పామర్రు మీదుగా బస్సులో వచ్చేవాణ్ణి. ఒక బడి వసారాలో సాయంత్రం పూట కూర్చునేవాళ్లం. ముహూర్తాలు, దయ్యాలు, బాబాలు, ఎవరినీ వదిలేవాళ్లం కాదు. మా నియమం ఒకటుంది. ఓడినవాడు లేచి నిలబడి, తాను అనుకున్నది ఏమిటో చెప్పి, అది తప్పని పూర్తి వాక్యంలో ఒప్పుకోవాలి. సాకులు చెప్పకూడదు. గెలిచినవాడు ఆ ఒప్పుకోలు ముట్టినట్టు "అందింది" అనాలి. ఆ నియమం చూసుకుని నాకు చాలా గర్వం.

ఆ గ్రూపు నుంచి ఎవరు పైకి వెళ్తారన్నదాన్నే చర్చకు పెట్టాను. అతన్ని పట్టుబట్టి రప్పించాను.

"అర్జెంటీనా సొంతగడ్డ మీద ఆడుతోంది. ఇటలీవాళ్ల డిఫెన్సు గోడ. ఆ రెండే వెళ్తాయి. నీ ఫ్రాన్సుకి ఏముంది?" అన్నాను.

"మా పేట ఉంది."

అందరూ నవ్వారు. ఒక ప్లీడరు గుమాస్తా అందుకున్నాడు. "మీ పేటలో మురిక్కాలవే తీయించుకోలేకపోయారు, అక్కడికెళ్లి గోల్ వేయిస్తారా భాయ్?"

అతనూ నవ్వాడు. "కాలవ మునిసిపాలిటీదండి. గోల్ మాది."

అక్కడితో ఆగాల్సింది. నేను ఆగలేదు. "నీ కోరిక బంతికి తెలీదు బావా. సముద్రానికీ తెలీదు," అన్నాను.

అతను తల వంచుకుని వేలికున్న అంగుస్తానాను తిప్పుకుంటూ కూర్చున్నాడు. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఆ ఇత్తడి తొడుగు తీయడం మరిచి వచ్చేశాడు కాబోలు.

మొదటి ఆటలో ఫ్రాన్సు నిమిషం తిరక్కుండానే గోల్ వేసింది. ఆ తర్వాత ఇటలీ రెండు వేసి నెగ్గింది. ఆ ఆదివారం నన్ను చూడగానే "మొదటి గోల్ మాదే కదా?" అన్నాడు. రెండో ఆటలో ఫ్రాన్సు అర్జెంటీనా చేతిలో ఓడింది. దాంతో అయిపోయింది. మూడో ఆటలో హంగరీని ఓడించింది గానీ అది ఎందుకూ పనికిరాలేదు. ఇటలీ, అర్జెంటీనా పైకి వెళ్లాయి. నేను చెప్పింది చెప్పినట్టే జరిగింది.

మూడో ఆట సంగతి తెలిసిన ఆదివారం అతను రాడనుకున్నాను. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ అడగకముందే లేచాడు.

"ఫ్రాన్సు పైకి వెళ్తుందనుకున్నాను. అది తప్పు."

కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు.

"మా తమ్ముడు బతికున్నాడనుకున్నాను. అదీ తప్పు."

అతను నా వైపు చూశాడు. నియమం ప్రకారం నేను చెప్పాల్సిన మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఎన్నో ఏళ్ల అలవాటు. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"అందింది," అన్నాను.

బయటికి వచ్చాక అతనే నా దగ్గరికి వచ్చాడు. "శుక్రవారం వాడికి నమాజు చేయిస్తున్నా. వస్తావా బావా?"

"నాకు నమ్మకం లేదని తెలుసు కదా," అన్నాను.

"నమ్మకం అడగలేదుగా. ఆ నమాజులో వంగక్కర్లేదు, మోకాళ్ల మీద కూర్చోనక్కర్లేదు. ఊరికే నిలబడటమే. నా పక్కన నిలబడు."

నేను వెళ్లలేదు. బళ్లు తెరిచే రోజులు, సెలవు దొరకదని కార్డు రాశాను. అది అబద్ధం. హెడ్మాస్టరును అడగనే లేదు. మసీదులో నన్ను చూస్తే ఆ గుమాస్తా సంఘంలో ఏమంటాడోనని భయపడ్డాను. ఎవరికీ భయపడనని వ్యాసాలు రాసినవాణ్ణి. ఊరికే నిలబడటానికి భయపడ్డాను. శకునాల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. వాటిని దులపడానికి ఎంచుకున్న మనిషి, ఎంచుకున్న రోజులు మాత్రం నాకు నిద్రలోనూ గుర్తుకొస్తాయి.

రెండు వారాల తర్వాత దుకాణానికి వెళ్లాను. తమ్ముడి మిషను మీద కొత్త కుర్రవాడెవడూ లేడు, అతనే రెండు మిషన్ల మధ్యా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రండి మాస్టారూ. కూర్చోండి. అమ్మ కాస్త తేరుకుందండి."

పండక్కి చొక్కా కుట్టించుకున్నాను. ఆ తర్వాతా కుట్టించుకుంటూనే ఉన్నాను. ఏదో ఒక సంగతి ఎత్తి అతన్ని మళ్లీ వాదనలోకి లాగాలని చూసేవాణ్ణి. ఎన్నికలన్నాను, వానలన్నాను, ఒకసారి ఫుట్‌బాలే అన్నాను. కొలతల టేపు మెడలో వేసుకుని, "మీరన్నదే నిజమండి," అంటూ చేతి పొడవు కొలిచేవాడు.