రెండు గిన్నెల చింతపండు

నిన్న కెనడాలో, కిచెనర్ ఊళ్ళో మా ఇంట్లో ఇత్తడి కుందులు చింతపండుతో తోముతుంటే, ఆ పుల్లటి వాసనకి నాన్న బేస్‌మెంట్ గుర్తొచ్చింది.

నాన్న ఆదివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అట్టల మీద రైఫిల్ గురి చూసుకునేవాడు. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలన్నీ ఏరి తెచ్చి, బేస్‌మెంట్‌లో చిన్న సుత్తితో టక్‌టక్‌మని కొడుతూ, తుపాకీ మందు నింపుతూ మళ్ళీ తూటాలు చేసుకునేవాడు. అమ్మకి అదంతా బొత్తిగా గిట్టేది కాదు. "ఆ దిక్కుమాలిన సరుకు పైకొచ్చిందంటే ఊరుకోను" అనేది.

నాకప్పుడు ఆరేళ్ళు. అవి దేవుడికి చేస్తున్న బుల్లి గ్లాసులనుకున్నాను. ఓ శనివారం పొద్దున పన్నెండు ఖాళీ గొట్టాలు పైకి తెచ్చి, అమ్మ కుందుల కోసం నానబెట్టిన చింతపండుతో తళతళా తోమాను. దేవుడి ముందు వరసగా నిలబెట్టి, స్పూనుతో ఒక్కోదాంట్లో పాలు పోశాను.

అమ్మా నాన్నా ఒకేసారి వచ్చారు.

"అయ్యో, వాటిలో పాలేంటే తల్లీ!" అన్నాడు నాన్న.

"గాడ్ కప్స్ కదా నాన్నా!" అన్నాను.

ఇక తిట్లే అనుకున్నాను. అమ్మ ఒకదాన్ని తీసి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. "ఇదీ మన కుందుల ఇత్తడేనా?" అంది.

"ఇత్తడే. నేనెంత తుడిచినా ఇలా మెరవలేదు" అన్నాడు నాన్న, భయంభయంగా.

ఆ తుపాకీ తనకిష్టం లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ ఆ తర్వాత ప్రతి శనివారం మా వంటింట్లో చింతపండు రెండు గిన్నెల్లో నానేది. ఒకటి దేవుడిది. రెండోది అమ్మే తీసుకెళ్ళి బేస్‌మెంట్ మెట్ల మీద పెట్టి వచ్చేది.